ఇంట్లో చేసిన బీరు అమ్మవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో బీరు చేసేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే మాట ఒకటుంది. రుచి చూసిన స్నేహితుడు గ్లాసు కింద పెట్టి, "దీన్ని అమ్ముకోవచ్చు కదా" అంటాడు. అక్కడి నుంచి మొదలయ్యే సందేహాలు మనిషి మారినా మారవు. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాం. వరుసగా చదవనక్కర్లేదు. మీరు ఏ దశలో ఉన్నారో అక్కడికి నేరుగా వెళ్లవచ్చు. మద్యం చట్టాలు దేశానికో తీరుగా ఉంటాయి కాబట్టి, చెప్పిన నిబంధన ఏ దేశానిదో అక్కడికక్కడే రాశాం.

## ఇంటి వాడకానికి చేసుకునే దశ

మా ఇంట్లో, మా కోసం చేసుకోవడానికి కూడా అనుమతి కావాలా?

అది మీరు ఉండే చోటును బట్టి ఉంటుంది. అమెరికాలో 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ఇంటి బీరుకు పన్ను మినహాయింపు ఇచ్చింది. ఇంట్లో వయోజనుడు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, అంటే సుమారు 378 లీటర్లు. ఇద్దరు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్లు. రాష్ట్రాలు ఒప్పుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది. అలబామా, మిసిసిపీ 2013లో గాని ఇంటి బీరును చట్టబద్ధం చేయలేదు. బ్రిటన్‌లో 1880 నుంచి ఉన్న ఇంటి లైసెన్సు పద్ధతిని 1963లో ఎత్తేశారు. సింగపూర్‌లో ఒక్కో ఇంటికి నెలకు 30 లీటర్ల పరిమితి ఉంది.

జపాన్ పద్ధతి పూర్తిగా వేరు. ఆల్కహాల్ 1 శాతం, ఆపైన ఉన్నదేదైనా లైసెన్సు లేకుండా చేయడమే నేరం, మీరు ఒక్కరే తాగినా సరే. సొంత వాడకానికి చేసుకునే హక్కు తనకుందంటూ ఒక వ్యక్తి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1989లో కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. భారతదేశంలో చాలా రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు లైసెన్సు లేని తయారీని, పరిమాణం ఎంతైనా, నేరంగానే చూస్తాయి.

చేసుకోవడం తప్పు కానప్పుడు అమ్మితే ఎందుకు తప్పవుతుంది?

మీకున్నది హక్కు అనుకుంటే ఈ నిబంధన అన్యాయంగానే కనిపిస్తుంది. నిజానికి అది షరతుతో కూడిన పన్ను మినహాయింపు. బీరు మీద ప్రభుత్వానికి సుంకం రావాలి. ఇంటి వాడకానికి చేసుకుంటే ఆ సుంకం వదిలేస్తామని చట్టం అంటుంది. అమెరికా ఫెడరల్ నిబంధనల్లో "సొంత లేదా కుటుంబ వాడకానికి మాత్రమే, అమ్మకానికి కాదు" అనే షరతు సూటిగానే ఉంది. అమ్మిన మరుక్షణం ఆ షరతు పోతుంది, దానితోపాటు మినహాయింపూ పోతుంది. అప్పుడు మీరు చట్టం దృష్టిలో సుంకం కట్టని, లైసెన్సు లేని తయారీదారు. బీరు ఎంత బాగుందన్నది ఈ లెక్కలోకి రానే రాదు.

ఏడాదికి 100 గ్యాలన్ల పరిమితి ఉంది కదా, అందులో మిగిలినది అమ్ముకోవచ్చా?

అమ్మకూడదు. అమెరికా చట్టంలోని 100, 200 గ్యాలన్ల అంకెలు పన్ను లేకుండా ఎంత చేసుకోవచ్చో చెబుతాయి. ఎంత అమ్మవచ్చో చెప్పే అంకె వేరే ఏదీ లేదు, ఎందుకంటే అది సున్నా. ఒక్క సీసా అమ్మినా అమ్మకమే.

బీరు చేసుకోనిస్తున్నారు కాబట్టి బట్టీ పెట్టి స్పిరిట్ తీయడానికీ అభ్యంతరం ఉండదా?

ఉంటుంది. పులియబెట్టడం వేరు, ఆవిరి పట్టి ఆల్కహాల్‌ను వేరుచేయడం వేరు. బీరు, వైను విషయంలో ఉదారంగా ఉండే దేశాలు కూడా ఇంట్లో బట్టీ పెట్టడాన్ని చాలావరకు నిషేధిస్తాయి. సొంత వాడకానికి దాన్ని కూడా అనుమతించిన న్యూజిలాండ్ (1996 నుంచి) అరుదైన మినహాయింపు.

## పంచడం, చందాలు, పోటీలు

డబ్బు తీసుకోకుండా స్నేహితులకు ఇస్తే ఎవరైనా అడుగుతారా?

ఇంటి బీరు చట్టబద్ధమైన చోట్ల, మీ ఇంటికి వచ్చిన పెద్దవాళ్లకు గ్లాసు పోసినందుకు సాధారణంగా ఎవరూ అడగరు. బీరు ఇల్లు దాటి బయటికి వెళ్లేటప్పుడే నిబంధనలు మొదలవుతాయి. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఎంత పరిమాణం బయటికి తీసుకెళ్లవచ్చో, ఏ సందర్భాలకు తీసుకెళ్లవచ్చో కూడా రాసి పెట్టాయి. మైనర్లకు ఇవ్వకూడదన్నది, ఉచితమైనా సరే, వదిలేయగలిగిన నిబంధన కాదు.

లాభం తీసుకోను. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం), హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు), ఈస్టు (పులియబెట్టేది) ఖర్చు మాత్రమే తీసుకుంటే?

అదీ అమ్మకమే. లాభం వచ్చిందా, నష్టం వచ్చిందా అన్నది ఆదాయపు పన్ను వాళ్ల గొడవ. మద్యం చట్టం చూసేది ఒక్కటే: బీరు ఇచ్చినందుకు ప్రతిఫలం అందిందా? అందితే, అది ఖర్చులో సగమే అయినా అమ్మకం జరిగినట్టే. నలుగురు కలిసి ముందే సరుకులకు డబ్బు వేసుకుని, కలిసి తయారుచేసి, కలిసి తాగితే సంగతి వేరు, అక్కడ కొన్నవాడూ అమ్మినవాడూ ఉండరు. ఒకడు చేసి, మిగతావాళ్లు డబ్బిచ్చి సీసాలు పట్టుకుపోతే మాత్రం అది ఉమ్మడి వంట అనిపించుకోదు.

బీరు ఉచితంగా ఇచ్చి ఖాళీ గ్లాసు అమ్మితే? ప్రవేశ రుసుము పెడితే? లక్కీడిప్ తీస్తే?

ఈ ప్రశ్నకు ఉన్నన్ని రూపాలు మరే ప్రశ్నకూ లేవు. గ్లాసుకు డబ్బు, బీరు ఉచితం. టీషర్టుకు డబ్బు, బీరు ఉచితం. సంగీతం వినడానికి టికెట్, లోపల బీరు ఉచితం. "ఇష్టమైనంత వేయండి" అని రాసిన డబ్బా. ప్రతి ఒక్కరూ తామే కనిపెట్టామనుకుంటారు. అధికారులు ఇవన్నీ ఎప్పుడో చూసేశారు.

వాళ్లు వేసే ప్రశ్న చాలా మామూలుది. ఆ డబ్బు ఇవ్వకపోతే ఆ మనిషికి ఆ బీరు దొరికేదా? దొరకదు అంటే ఆ డబ్బు బీరుకే. గ్లాసు మీద ధర రాసినంత మాత్రాన లావాదేవీ స్వభావం మారదు. విరాళం డబ్బా విషయంలో కాస్త వాదించడానికి చోటుంది, నిజంగా వేయనివాళ్లకు కూడా అదే చేత్తో పోస్తే. అయినా డబ్బా పక్కన నిలబడి ఎవరు వేశారో చూస్తూ ఉంటే ఆ వాదన నిలవదు. లక్కీడిప్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా చోట్ల లాటరీకే వేరే అనుమతి కావాలి, అంటే ఒక ఉల్లంఘన తప్పించుకోబోయి రెండు నెత్తిన వేసుకున్నట్టు.

డబ్బు వద్దు, మార్పిడి చేసుకుంటే? ఆయన తేనె ఇస్తాడు, నేను బీరు ఇస్తాను.

ప్రతిఫలం అంటే డబ్బే కావాలని లేదు. ఇన్ని సీసాలకు ఇంత తేనె అని ముందే లెక్క మాట్లాడుకుంటే అది వస్తుమార్పిడి, చాలా చట్టాల్లో అమ్మకంతో సమానం. ఇరుగుపొరుగు మధ్య లెక్క లేకుండా సాగే ఇచ్చిపుచ్చుకోవడాల్ని ఎవరూ పట్టించుకోరు. ఇద్దరు ఇంటి బీరు తయారీదారులు రుచి కోసం చెరో రెండు సీసాలు మార్చుకోవడం కూడా అలాంటిదే.

పోటీలకు పంపవచ్చా? అక్కడ రుసుము కడతాం, బహుమతులు కూడా ఇస్తారు కదా.

అమెరికా ఫెడరల్ నిబంధనలు ఇంటి బీరును పోటీలకు, ప్రదర్శనలకు, రుచి చూసే కార్యక్రమాలకు తీసుకెళ్లడానికి ఒప్పుకుంటాయి, అక్కడ అమ్మకూడదన్న షరతుతో. మీరు కట్టే రుసుము న్యాయనిర్ణయానికి. బీరు ఎవరూ కొనడం లేదు. అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్ జాతీయ పోటీ 1979 నుంచి ఇలాగే నడుస్తోంది.

అయితే రాష్ట్ర చట్టంలోని ఒక్క వాక్యం కూడా పోటీని ఆపేయగలదు. ఓరెగాన్‌లో 2010లో అలాగే జరిగింది. ఇంటి బీరు ఇల్లు దాటకూడదని అక్కడి పాత చట్టానికి అధికారులు అర్థం చెప్పడంతో పోటీలు ఆగిపోయాయి. 2011లో చట్టం సవరించాకే మళ్లీ మొదలయ్యాయి. ఇంటి బీరుకు అంత పేరున్న రాష్ట్రంలోనే ఇలా జరిగిందంటే, పంపే ముందు మీ చోటి నిబంధన ఒకసారి చదవడం వృథా ప్రయాస కాదు.

మా చెల్లెలి పెళ్లి విందులో నా బీరు పోయవచ్చా?

అతిథులు డబ్బు పెట్టడం లేదు కాబట్టి అమ్మకం లేదు. చిక్కు వేదిక దగ్గర వస్తుంది. మద్యం లైసెన్సు ఉన్న హాలు అయితే, బయటి మద్యం లోపలికి రానివ్వడం వాళ్ల లైసెన్సుకే ప్రమాదం కావచ్చు. అందుకే చాలామంది ఒప్పుకోరు. అడ్వాన్సు కట్టకముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. విందు తిండికి ఇంత అని అతిథుల నుంచి వసూలు చేసే పద్ధతి ఉంటే మీ బీరు అందులో కలవకుండా చూసుకోండి.

సేవా సంస్థ కోసం వేలం వేస్తే కూడా తప్పేనా?

తప్పే. డబ్బు మంచి పనికి వెళ్లినా బీరు అమ్ముడైనట్టే. సంస్థలకు తాత్కాలిక లైసెన్సు ఇచ్చే ఏర్పాటు చాలా చోట్ల ఉంది, కానీ అది సాధారణంగా సుంకం కట్టిన బీరు అమ్మడానికి ఇచ్చేది. మీ బీరుకు బదులు ఒక రోజు మీతో కలిసి బీరు తయారీ నేర్చుకునే అవకాశాన్ని వేలం వేయండి. డబ్బు దాదాపు అంతే వస్తుంది, తలనొప్పి ఉండదు.

## లైసెన్సు, స్థలం

నిజంగానే అమ్మాలని నిశ్చయించుకున్నాను. ముందు ఏ కార్యాలయానికి వెళ్లాలి?

చాలామంది ఎక్సైజ్ కార్యాలయానికి వెళతారు. ముందు వెళ్లవలసింది స్థానిక ప్రణాళికా విభాగానికి. ఫలానా స్థలంలో బీరు తయారీకి భూ వినియోగ నిబంధనలు ఒప్పుకుంటాయా అని అక్కడ తేల్చుకోవాలి. తయారీ లైసెన్సు మీ చేతి నైపుణ్యానికి ఇచ్చే పత్రం కాదు, ఒక నిర్దిష్ట చిరునామాకు ఇచ్చే పత్రం. స్థలం మారితే మళ్లీ మొదటికే వస్తుంది.

అమెరికాలో మద్యం, పొగాకు పన్నులు చూసే ఫెడరల్ సంస్థ టీటీబీకి "బ్రూవర్స్ నోటీసు" సమర్పించాలి. దానికి రుసుము లేదు. కానీ ఆవరణ నక్షా, అద్దె ఒప్పందం, పెట్టుబడి ఎక్కడిది, భాగస్వాములు ఎవరు అన్నీ చూపాలి. దానిమీద రాష్ట్ర లైసెన్సు, ఆపైన స్థానిక అనుమతి. ఆహార కర్మాగారంగా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వద్ద నమోదు కూడా ఉంటుంది. బ్రిటన్‌లో ఆదాయ, కస్టమ్స్ శాఖ నుంచి తయారీదారు ఆమోదం తెచ్చుకోవాలి. ఆహార వ్యాపారంగా స్థానిక మండలి వద్ద, పని మొదలుపెట్టడానికి కనీసం 28 రోజుల ముందు నమోదు చేసుకోవాలి.

ఇందులో అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, స్థలం చేతిలో లేనిదే దరఖాస్తు తీసుకోరు, అనుమతి రానిదే అమ్మనివ్వరు. మధ్య కాలమంతా ఖాళీ గదికి అద్దె కడుతూ కూర్చోవాలి. లైసెన్సు రాకపోతే ఒప్పందం రద్దవుతుందనే షరతు అద్దె పత్రంలో రాయించుకోండి. యజమాని కాదంటే, లైసెన్సు వచ్చేదాకా సగం అద్దె అని బేరమాడండి. కొత్త పరికరాలకు డబ్బు పెట్టడం ఆ తర్వాతి మాట.

మా గ్యారేజీలోనే చేస్తాను. అద్దె కలిసొస్తుంది కదా?

అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం నివాస గృహంలో బ్రూవరీ పెట్టకూడదు. ఇంటికి అతుక్కున్న గ్యారేజీతో మొదలుపెట్టాలనుకునే వాళ్ల ఆశ సాధారణంగా ఇక్కడే ఆగిపోతుంది. ఇంటి ఆవరణలోనే విడిగా ఉన్న షెడ్డుకు టీటీబీ ఒప్పుకునే అవకాశం ఉంది, కానీ నివాస ప్రాంతంలో తయారీ పనికి స్థానిక నిబంధనలు కూడా ఒప్పుకోవాలి. బ్రిటన్‌లో ఇంత సూటి నిషేధం లేదు. చిన్న బ్రూవరీలు ఇంటి ఔట్‌హౌసుల్లో పుట్టిన సందర్భాలున్నాయి. అయినా వినియోగ మార్పిడి అనుమతి, గృహరుణం ఇచ్చిన బ్యాంకు షరతులు, ఇంటి బీమా షరతులు అన్నీ చూసుకోవాలి.

చట్టం ఒప్పుకున్నా ఆ గది ఒప్పుకుంటుందా అన్నది చూడండి. తనిఖీకి వచ్చినవారు బీరు కంటే ముందు నేలను చూస్తారు. కడిగిన నీళ్లు మూలకు చేరి నిలుస్తున్నాయా, వాలుగా కాలువలోకి పోతున్నాయా? గోడలు తుడిస్తే శుభ్రపడే రకమేనా, తడి పీల్చే రకమా? చేతులు కడుక్కునే సింకు, పాత్రలు కడిగే సింకుకు వేరుగా ఉందా? మురుగు నీరు ఇంకో పెద్ద సమస్య. ట్యాంకు అడుగున మిగిలిన ఈస్టు, వోర్టు (పులియకముందు ఉండే తియ్యటి మాల్టు ద్రవం) కలిసిన నీరు మురుగు శుద్ధి వ్యవస్థకు ఇంటి నీటికంటే ఎన్నో రెట్లు భారం. అందుకే చాలా చోట్ల ఆ నీరు వదలడానికి కూడా అనుమతి అడుగుతారు. కార్బన్ డయాక్సైడు మూసిన గదిలో కిందికి చేరి మనిషిని పడగొట్టగలదు కాబట్టి గాలి ఆడే ఏర్పాటు, గ్యాస్‌ను పసిగట్టే పరికరం కూడా అడగవచ్చు.

ఇంట్లో చేసిన జామ్, కేకులు అమ్ముకోవడానికి సడలింపులున్నాయి. అవి బీరుకు వర్తించవా?

వర్తించవు. అమెరికా రాష్ట్రాల్లోని కుటీర ఆహార చట్టాలు తక్కువ ప్రమాదమున్న తినుబండారాల కోసం వచ్చాయి. మద్యం వాటి పరిధిలో ఉండదు. బీరు ఆహారం కూడా, సుంకం పడే సరుకు కూడా. మొదటి వైపు ఎంత సడలించినా రెండో వైపు అలాగే ఉంటుంది.

లైసెన్సు వచ్చేలోపు చేసి పెట్టుకున్న బీరును, వచ్చాక అమ్మవచ్చా?

అమ్మకూడదు. అది సుంకం మినహాయింపు కింద, లైసెన్సు లేని చోట తయారైంది. తర్వాత వచ్చిన లైసెన్సు వెనక్కి వెళ్లి దాన్ని శుద్ధి చేయదు. పాత్రలు, కెగ్గులు (బీరు పీపాలు), పద్ధతులు, రాసిపెట్టుకున్న వివరాలు మాత్రం కొత్త చోటికి నిక్షేపంగా తీసుకెళ్లవచ్చు. ఆ నిల్వను స్నేహితులకు పోసి ముగించండి.

నేను చేసేది చాలా తక్కువ. చిన్నవాళ్లకు మినహాయింపు ఏమీ లేదా?

సుంకంలో ఉంది, లైసెన్సులో లేదు. అమెరికాలో ఏడాదికి 20 లక్షల బ్యారెళ్లలోపు చేసే స్వదేశీ బ్రూవరీకి మొదటి 60,000 బ్యారెళ్ల మీద ఫెడరల్ సుంకం బ్యారెల్‌కు 3.50 డాలర్లే. పెద్ద సంస్థలు చెల్లించే గరిష్ఠ రేటు 18 డాలర్లు. బ్యారెల్ అంటే సుమారు 117 లీటర్లు. బ్రిటన్‌లో 2023 ఆగస్టు నుంచి చిన్న తయారీదారులకు 8.5 శాతం కంటే తక్కువ ఆల్కహాల్ ఉన్న సరుకు మీద రాయితీ ఉంది.

కొన్ని దేశాల్లో తక్కువ పరిమాణమే అడ్డంకి. జపాన్‌లో బీరు లైసెన్సు కావాలంటే ఏడాదికి కనీసం 60 కిలోలీటర్లు చేయాలి. ఇరవై లీటర్ల ఇంటి పాత్రతో అయితే మూడు వేల సార్లు కాయాలన్నమాట. 1994కు ముందు ఆ కనీస పరిమాణం 2,000 కిలోలీటర్లు. దాన్ని తగ్గించాకే అక్కడ చిన్న బ్రూవరీలు మొలిచాయి. మాల్టు పాళ్లు తగ్గించి, లేదా బీరు నిర్వచనంలో లేని దినుసులు కలిపి చేసే హప్పోషు లైసెన్సుకు 6 కిలోలీటర్లు చాలు. అక్కడి బుల్లి తయారీదారుల్లో చాలామంది ఆ దారినే పట్టారు.

భారతదేశంలో చిన్న బ్రూవరీకి దారి ఉందా?

దేశమంతటికీ ఒకే సమాధానం లేదు. మద్యం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది. తయారీ, అమ్మకం, సుంకం అన్నీ రాష్ట్రాలవే. మనిషి తాగే మద్యం జీఎస్‌టీ బయటే ఉండిపోయింది. గుజరాత్, బిహార్ వంటి నిషేధ రాష్ట్రాల్లో ప్రశ్నే లేదు. మైక్రోబ్రూవరీ నిబంధనలు ఉన్న రాష్ట్రాల్లో, ఉదాహరణకు 2015లో నిబంధనలు తెచ్చిన తెలంగాణలో, లైసెన్సు రెస్టారెంటు లేదా బారు తరహా వ్యాపారం కోసం. ఇంట్లో చేసేవారికి ఉద్దేశించినది కాదు. దాంతోపాటు కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు కూడా కావాలి. మద్యపానీయాలకు ఆ సంస్థ ప్రమాణాలు 2019 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. వృత్తి చేసుకునే హక్కు నాకుంది అనే వాదన కూడా ఇక్కడ నిలవదు. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో చెప్పింది.

## సుంకం, లేబులు, సీసా

సుంకం ఎప్పుడు కట్టాలి, కాచినప్పుడా, అమ్మినప్పుడా?

సాధారణంగా రెండూ కాదు. అమెరికా, బ్రిటన్ పద్ధతుల్లో బీరు వినియోగం కోసం బ్రూవరీ ఆవరణ దాటినప్పుడు సుంకం లెక్కలోకి వస్తుంది. డబ్బు చేతికి రాకముందే బాకీ పడుతుందన్నమాట. అప్పుమీద సరుకిచ్చే కొత్త తయారీదారులు దీన్ని మరచిపోయి ఇబ్బందిపడతారు. ఎంత కాచారు, ఎంత నింపారు, ఎంత ఒలికింది, ఎంత పారబోశారు అన్నది తేదీలతో రాసి ఉంచాలి. లెక్కలో లేని నష్టాన్ని అధికారి అమ్మకంగా భావించే ప్రమాదం ఉంది.

లేబులు మీద ఏమేమి ఉండాలి?

పేరు, తయారీదారు చిరునామా, పరిమాణం, ఆల్కహాల్ శాతం, అలర్జీ వివరాలు, దేశాన్ని బట్టి ఆరోగ్య హెచ్చరిక. అమెరికాలో ప్రభుత్వ హెచ్చరిక వాక్యం 1989 నవంబరు నుంచి తప్పనిసరి. రాష్ట్రాల మధ్య అమ్మే బీరుకు లేబులు ముందస్తు ఆమోదం కూడా కావాలి. ఐరోపా సమాఖ్యలో బార్లీ, గోధుమ వంటి అలర్జీ కారకాలను స్పష్టంగా చూపాలి. పాల చక్కెర వేసిన స్టౌట్‌లో (ఒక రకం నల్ల బీరు) దాన్నీ చెప్పాలి.

ఆల్కహాల్ శాతం దగ్గరే ఇంటి అలవాట్లు దెబ్బతీస్తాయి. ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటరు పులియకముందు 1.050, పులిశాక 1.010 చూపిస్తే తేడాను 131.25తో గుణించి 5.25 శాతం అనుకుంటాం. ఇంటికి ఇది చాలు. ఐరోపాలో 5.5 శాతం దాకా ఉన్న బీరుకు లేబులుకూ వాస్తవానికీ మధ్య 0.5 శాతం తేడానే అనుమతిస్తారు, అమెరికాలో 0.3 శాతమే. సీసాలో రెండోసారి పులిసేందుకు వేసిన చక్కెర కూడా శాతాన్ని కొద్దిగా పెంచుతుంది. లేబులు అచ్చువేయించే ముందు ప్రయోగశాలలో ఒకసారి పరీక్ష చేయించండి.

బీరులో రోగకారక క్రిములు బతకవంటారు. మరి ఆహార భద్రత తనిఖీలు ఎందుకు?

మాట చాలావరకు నిజమే. వోర్టును మరిగించడం, ఆల్కహాల్, హాప్స్ చేదు, ఆమ్లత అన్నీ కలిసి మామూలు బీరును రోగకారక క్రిములకు అనుకూలం కాకుండా చేస్తాయి. తనిఖీలు చూసే ప్రమాదాలు వేరు: సరిగా కడగని పైపులో మిగిలిపోయిన కాస్టిక్ సోడా, లేబులు మీద లేని అలర్జీ కారకం, పగిలిన గాజు ముక్క. అన్నిటికంటే భయపెట్టేది పేలే సీసా. పులియడం పూర్తికాకుండా నింపినా, చక్కెర ఎక్కువైనా, వెచ్చని అలమరలో వారాల తరబడి ఉన్నా లోపలి ఒత్తిడి పెరుగుతుంది. మీ వంటింట్లో పేలితే తుడుచుకుంటారు. కొన్నవారి చేతిలో పేలితే అది నష్టపరిహారం దావా.

ఆల్కహాల్ చాలా తక్కువ ఉండేలా చేస్తే లైసెన్సు గొడవ తప్పుతుందా?

కొంత తప్పుతుంది, గీత ఎక్కడ గీశారో చూసుకుంటే. అమెరికాలో 0.5 శాతం, జపాన్‌లో 1 శాతం, బ్రిటన్ సుంకానికి 1.2 శాతం. అయితే ముందు మామూలు బీరు చేసి తర్వాత ఆల్కహాల్ తీసేస్తే, మొదట చేసింది బీరే కాబట్టి లైసెన్సు అడుగుతారు. ఇంకో సంగతి కూడా మరవకూడదు. క్రిముల నుంచి కాపాడే ఆల్కహాల్ లేనప్పుడు పాశ్చరైజేషన్ వంటి జాగ్రత్తలు అత్యవసరం. ఇంటి పరికరాలతో ఇది బీరు కంటే కష్టమైన పని. సులువని ఎవరైనా చెబితే నమ్మకండి.

## సొంత బ్రూవరీ లేకుండా

నా దగ్గర స్థలం లేదు. వేరే బ్రూవరీలో చేయించి అమ్మవచ్చా?

చేయించవచ్చు. ఇంటి నుంచి వ్యాపారంలోకి రావాలనుకునే వాళ్లలో చాలామందికి నేను ముందు చూపించేది ఈ దారినే. లైసెన్సున్న బ్రూవరీ మీ పద్ధతిలో తయారుచేస్తుంది, సుంకం కడుతుంది. మీరు పేరు, అమ్మకం చూసుకుంటారు. శామ్యూల్ ఆడమ్స్ బీరు తెచ్చిన బోస్టన్ బీర్ కంపెనీ 1984లో ఇలాగే మొదలైంది. డెన్మార్క్‌లో 2006లో పుట్టిన మిక్కెల్లర్ సొంత బ్రూవరీ లేకుండానే ఊరూరా తిరిగి బీరు చేయించి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది.

లైసెన్సు అసలే అక్కర్లేదని కాదు. మీరు ఆ బీరును కొని తిరిగి అమ్ముతుంటే టోకు వ్యాపారానికి మీకు వేరే అనుమతి కావాలి. ఒక్కసారికి కనీస పరిమాణం కూడా పెద్దదే. ఇరవై లీటర్లలో కుదిరిన రుచి రెండు వేల లీటర్లలో వెంటనే కుదరదు, హాప్స్ చేదు లెక్కే మారిపోతుంది. మొదటి విడత తేడా వస్తే ఎవరి ఖర్చు అన్నది ఒప్పందంలో ముందే రాసుకోండి.

నా రెసిపీ వాళ్లు కాజేస్తే?

దినుసులు, పాళ్ల పట్టికకు కాపీరైట్ రక్షణ ఉండదనే అనుకోవాలి. గోప్యతా ఒప్పందం రాసుకోవచ్చు. కాపాడుకోదగ్గది పేరు, ట్రేడ్‌మార్కు. అవి బ్రూవరీ పేరున కాక మీ పేరునే నమోదై ఉండాలి.

బీరు అమ్మకుండా ఈ నైపుణ్యంతో డబ్బు సంపాదించే దారి లేదా?

ఉంది. ఇంటి బీరు చట్టబద్ధమైన చోట మాల్టు, హాప్స్, ఈస్టు, పరికరాలు అమ్మవచ్చు, తరగతులు చెప్పవచ్చు. కెనడాలోని ఓంటారియో, బ్రిటిష్ కొలంబియాల్లో వినియోగదారుడే వచ్చి తన బీరు తాను చేసుకుని తీసుకెళ్లే దుకాణాలకు ప్రత్యేక లైసెన్సు ఉంది. సియెర్రా నెవాడా స్థాపకుడు కెన్ గ్రాస్‌మన్ మొదట నడిపింది ఇంటి బీరు సరుకుల దుకాణమే.

## అమ్మకం, పట్టుబడితే

తయారీ లైసెన్సు వచ్చింది. ఇక ఎవరికైనా అమ్మవచ్చా?

తొందరపడకండి. తయారుచేసే అనుమతి, చిల్లరగా అమ్మే అనుమతి చాలా చోట్ల వేర్వేరు. అమెరికాలో చాలా రాష్ట్రాలు తయారీదారు, పంపిణీదారు, దుకాణదారు అని మూడు అంచెలు విడదీశాయి. చిన్న బ్రూవరీ నేరుగా దుకాణాలకు వేయవచ్చా, తన ఆవరణలోనే గ్లాసులో పోయవచ్చా అన్నది రాష్ట్ర చట్టం చెబుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో చిల్లర అమ్మకానికి 2003 చట్టం కింద ఆవరణ లైసెన్సు కావాలి.

పోస్టులో పంపవచ్చా?

అమెరికా తపాలా శాఖ ద్వారా మద్యం పంపడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. ప్రైవేటు కొరియర్లు లైసెన్సున్న సంస్థల నుంచే తీసుకుంటాయి. అందుకున్న వ్యక్తి వయసు చూసి సంతకం తీసుకుంటాయి. పెట్టె మీద "ఈస్టు నమూనా" అని రాసి పంపే పాత చిట్కా ఎవరైనా చెబితే వినకండి. లోపల సీసా పగిలి తడిసిన పెట్టె తెరిచాక అబద్ధపు ప్రకటన కూడా లెక్కకొస్తుంది.

లైసెన్సు లేకుండా అమ్మి పట్టుబడితే ఏమవుతుంది?

అమెరికా ఫెడరల్ చట్టంలో అనుమతి లేని బీరు తయారీకి 1,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు, లేదా రెండూ. రాష్ట్ర శిక్షలు దీనికి అదనం. జపాన్‌లో లైసెన్సు లేని తయారీకి పదేళ్ల దాకా జైలు లేదా 10 లక్షల యెన్‌ల దాకా జరిమానా చట్టంలో ఉంది. చిన్న అమ్మకాలకు చాలాసార్లు హెచ్చరిక, సరుకు జప్తుతోనే సరిపెట్టవచ్చు. కానీ ఆ రికార్డు తర్వాత మీరు పెట్టుకునే లైసెన్సు దరఖాస్తుకు అడ్డుపడుతుంది.

జరిమానా కంటే బీమా గురించే ఎక్కువ ఆలోచించాలి. ఇంటి బీమా మామూలుగా వ్యాపార కార్యకలాపాలను మినహాయిస్తుంది. సీసా పేలి కొన్నవారి కంటికి దెబ్బ తగిలితే, లైసెన్సు లేని వ్యాపారమని బీమా సంస్థ తప్పుకుంటుంది. వైద్య ఖర్చు, పరిహారం, వకీలు ఫీజు అన్నీ మీ జేబులోంచే.

ఇప్పటికే కొన్ని సీసాలు అమ్మేశాను. ఇప్పుడేం చేయాలి?

అమ్మకం ఈరోజే ఆపేయండి. ఆర్డర్లకు తీసుకున్న అడ్వాన్సులు తిరిగి ఇచ్చేయండి. ధరలతో పెట్టిన ప్రకటనలు ఉంటే కొత్తవి పెట్టకండి, కానీ విచారణ మొదలైందని తెలిశాక ఏ సందేశాన్నీ, లెక్కనూ చెరిపేయకండి. అది వేరే నేరం అవుతుంది. లైసెన్సుకు దరఖాస్తు చేసే ఆలోచన ఉంటే ముందు మద్యం లైసెన్సుల వ్యవహారం తెలిసిన వకీలుతో ఒక గంట మాట్లాడండి. ఫారంలో "ఇంతకుముందు ఎప్పుడైనా అమ్మారా" అన్న అర్థం వచ్చే ప్రశ్న ఉంటే జవాబు ఎలా రాయాలో ఆయన చెబుతారు. "లేదు" అని అబద్ధం మాత్రం రాయకండి. పాత అమ్మకాన్ని జరిమానాతో వదిలేసే అధికారి కూడా ఫారంలోని అబద్ధాన్ని చూసి దరఖాస్తును తిరస్కరించగలడు.